రావణుడి లంకను కడలిలో కాదు, అడవిలో వెతికిన హీరాలాల్

రాయ్‌పూర్: రావణుడి లంక ఎక్కడుంది అని అడిగితే చాలామంది శ్రీలంక అంటారు. కాస్త పురాణాలు చదివినవాళ్లు ఆ అసలు లంక ఎప్పుడో సముద్రంలో మునిగిపోయిందని అంటారు. నూరేళ్ల కిందట మధ్య పరగణాల్లో ఒక ప్రభుత్వ ఉద్యోగి ఈ రెండింటినీ కాదన్నారు. లంక మునగలేదు, అసలు అది సముద్రంలోనే లేదు, నర్మద పుట్టే అమర్‌కంటక్ కొండ మీద ఉంది అన్నది ఆయన వాదం. ఆయన పేరు రాయ్ బహదూర్ హీరాలాల్.

ఈ వాదాన్ని ఇప్పుడు ఏ చరిత్రకారుడూ యథాతథంగా ఒప్పుకోడు. అయినా ఆయన జీవితాన్ని ఇవాళ గుర్తు చేసుకోవడానికి కారణాలున్నాయి. ఛత్తీస్‌గఢ్ శాసనాల మీద ఎవరు ఏం రాసినా ఆయన పుస్తకం తెరవక తప్పదు. గోండుల గురించి ఎవరు ఏం రాసినా ఆయన పేరు పక్కన ఉన్న నాలుగు సంపుటాలు తిరగేయక తప్పదు. రాతి మీద అక్షరం కనిపించేదాకా ఏదీ నమ్మని మనిషి, ఒక్క శాసనం కూడా ఆధారం లేని పురాణ నగరానికి మ్యాప్ మీద చోటు ఎందుకు చూపించారు? ఆ చోటు చూపడంతో అక్కడ బతికే మనుషులకు ఏమైంది? ఆయన కథలో అసలు విషయం ఇదే.

ముగ్గురు హీరాలాల్‌లు

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఈ ప్రాంతపు సాహిత్య చరిత్రలో హీరాలాల్ పేరుతో ముగ్గురున్నారు. ఛత్తీస్‌గఢీ భాషకు 1885లో వ్యాకరణం రాసినవారు హీరాలాల్ కావ్యోపాధ్యాయ. దాన్ని గ్రియర్సన్ 1890లో ఇంగ్లీషులోకి తెచ్చారు. అపభ్రంశ, ప్రాకృత జైన గ్రంథాలను పరిష్కరించినవారు హీరాలాల్ జైన్. మనం మాట్లాడుకుంటున్నది ఈ ఇద్దరూ కాదు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ, ఇంటర్నెట్ వ్యాసాల్లోనూ ముగ్గురి పనులూ తరచూ ఒకరి ఖాతాలో పడిపోతుంటాయి.

మన హీరాలాల్ 1867లో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని కట్నీ, అప్పట్లో ముర్వారా అని పిలిచే ఊళ్లో పుట్టారు. జబల్పూర్‌లో చదువుకుని 1880ల చివర్లో బీఏ పూర్తి చేశారు. మధ్య పరగణాల్లో ఆ కాలానికి అది చిన్న చదువు కాదు. విద్యాశాఖలో చేరారు. బళ్ల తనిఖీ ఉద్యోగం ఆయన్ని ఊరూరా తిప్పింది. బండి బాట కూడా సరిగా లేని చోట్లకు వెళ్లడం, పటేలుతో, పూజారితో, బడి పంతులుతో మాట్లాడటం, గుడి గోడ మీద చెక్కిన గీతలు చూడటం ఆ ఉద్యోగంలో భాగమైపోయాయి. తర్వాత రెవెన్యూ వైపు మారి ఎక్స్‌ట్రా అసిస్టెంట్ కమిషనర్ అయ్యారు. డిప్యూటీ కమిషనర్ స్థాయి దాకా ఎదిగి 1920ల మొదట్లో రిటైరయ్యారు.

ఆ రోజుల్లో పెద్ద పదవులన్నీ ఇంగ్లీషు వాళ్లవి. కింది నుంచి సమాచారం పోగు చేసి, సరిచూసి, రాసి ఇచ్చే పని మాత్రం ఇలాంటి భారతీయ అధికారులది. పుస్తకం అట్ట మీద దొర పేరు పెద్దగా, వీళ్ల పేరు సహాయకుడిగా చిన్నగా ఉండేది. హీరాలాల్ విషయంలోనూ మొదట అదే జరిగింది.

రస్సెల్ చూడని పుస్తకం

1901 జనాభా లెక్కలకు మధ్య పరగణాల సూపరింటెండెంట్ ఆర్.వి.రస్సెల్ అనే ఐసీఎస్ అధికారి. ఆ లెక్కల తర్వాత దేశమంతటా కులాల, తెగల సర్వే మొదలైంది. ఎవరు ఎవరిని పెళ్లాడతారు, ఏ దేవుణ్ని కొలుస్తారు, తమ పుట్టుక గురించి ఏ కథ చెప్పుకుంటారు అన్నవన్నీ రాసిపెట్టాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఈ పనిలో రస్సెల్‌కు ఏళ్ల తరబడి కుడిభుజంగా నిలిచింది హీరాలాల్. వాళ్లిద్దరి శ్రమ ఫలితం 1916లో లండన్‌లో మాక్‌మిలన్ అచ్చు వేసిన మధ్య పరగణాల తెగలు, కులాల పుస్తకం. మొత్తం నాలుగు సంపుటాలు.

ఆ పుస్తకం బయటికి వచ్చేనాటికి రస్సెల్ లేరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1915 డిసెంబర్ 30న మధ్యధరా సముద్రంలో, క్రీట్ దీవికి దక్షిణాన, పర్షియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. 300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో రస్సెల్ ఒకరు. అప్పటి నుంచి ఆ పుస్తకాన్ని రస్సెల్, హీరాలాల్ అని జంటగానే చెప్పుకుంటున్నారు. సహాయకుడిగా చిన్న అక్షరాల్లో మొదలైన పేరు కాలక్రమంలో సమానమైంది.

ఆ నాలుగు సంపుటాల్లో తప్పులున్నాయి. దొరతనం చూపు ఉంది. కొన్ని తెగల మీద నేరస్థులన్న ముద్ర కూడా ఉంది. అయితే ఆనాటి జీవనం గురించి మరెక్కడా దొరకని వివరాలు కూడా అందులోనే ఉన్నాయి. గోండుల అధ్యాయం వాటిలో పెద్దది. గోండులు తమను తాము కోయతూర్ అని పిలుచుకుంటారని, గోండు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరని అందులో నమోదైంది. ఆ పేరుకు తెలుగు కొండ అన్న మాటతో చుట్టరికం ఉందా అన్న చర్చ కూడా ఉంది. తెలంగాణ, ఆంధ్రలో కోయలను చూసిన తెలుగు పాఠకులకు ఈ అధ్యాయం పరాయిదిగా అనిపించదు.

రాతి మీద నమ్మకం

1916లోనే హీరాలాల్ పేరుతో మరో పుస్తకం వచ్చింది. మధ్య పరగణాలు, బేరార్‌లలోని శాసనాల వివరణ పట్టిక అది. దాని రెండో ముద్రణ 1932లో వచ్చింది. జిల్లాల వారీగా, ఏ ఊళ్లో ఏ రాయి మీద ఏముంది, ఏ రాజుది, ఏ సంవత్సరం నాటిది అని వరుసగా చెప్పే పుస్తకం. చదవడానికి రుచిగా ఉండదు. వాడుకునేవాళ్లకు మాత్రం బంగారు గని. తర్వాతి తరంలో వి.వి.మిరాశీ 1955లో తెచ్చిన కలచురి శాసనాల మహా సంకలనానికి ఇలాంటి పని పునాది వేసింది.

రాయ్‌పూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో మహానది ఒడ్డున సిర్పూర్ ఉంది. ఒకప్పటి శ్రీపురం, దక్షిణ కోసల రాజధాని. అక్కడి ఇటుకల లక్ష్మణ ఆలయం ఏడో శతాబ్దం నాటిది. ఆ శిథిలాల్లో దొరికిన శాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించింది హీరాలాలే. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసట, చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకంగా ఆ గుడి కట్టించిందని దానివల్ల తెలిసింది. అడవి మింగేసిన ఒక రాజధానికి, అందులో ఒక రాణి దుఃఖానికి పేరూ ఊరూ దొరికాయి. ఆ గుడి కట్టించింది ఎవరన్న ప్రశ్నకు ఊహ అవసరం లేకుండా పోయింది.

తెలుగువాళ్లకు ఆయన పనిలో మరింత దగ్గరిది బస్తర్. ఇంద్రావతి పరీవాహకంలో ఛిందక నాగవంశీయుల శాసనాలు ఎన్నో ఉన్నాయి. కొన్ని నాగరి లిపిలో, కొన్ని తెలుగులో. బార్సూర్‌లో దొరికిన 1060 నాటి తెలుగు శాసనం వాటిలో ముఖ్యమైనది. నాగవంశపు రాజు జగదేకభూషణుడి సామంతుడు చంద్రాదిత్యుడు అక్కడ గుడి కట్టించి, చెరువు తవ్వించాడని అది చెబుతుంది. ఆ చంద్రాదిత్యుడు తనను కరికాల చోళుడి వంశస్థుడిగా చెప్పుకున్నాడు. ఇవాళ మావోయిస్టుల వార్తల్లో మాత్రమే వినిపించే దంతెవాడ ప్రాంతంలో వెయ్యేళ్ల కిందట తెలుగు రాజభాషల్లో ఒకటని తేల్చిన ఆధారాల్లో ఇదొకటి. ఓరుగల్లు పతనం తర్వాత కాకతీయ అన్నమదేవుడి వారసులు ఇక్కడ రాజ్యం చేశారన్న సంగతి తెలిసిందే. తెలుగు అంతకు ముందే ఇక్కడికి చేరుకుందని ఈ రాళ్లు చెబుతాయి.

హీరాలాల్ బస్తర్ శాసనాలను లోకానికి తెలియజేస్తున్న ఆ ఏళ్లలోనే, 1910లో, బస్తర్ భగ్గుమంది. రిజర్వు అడవుల పేరుతో తమ నేల లాక్కోవడం మీద, వెట్టి మీద ఆదివాసులు తిరగబడ్డారు. దానికే భూమ్‌కాల్ అని పేరు. పాత రాళ్లను చదివే ప్రభుత్వమూ, అడవికి గిరి గీసే ప్రభుత్వమూ ఒకటే. హీరాలాల్ ఆ ప్రభుత్వంలో ఉద్యోగి. ఆయన జీవితాన్ని చదివేటప్పుడు ఈ మాట మరిచిపోకూడదు.

పేర్ల వెనక పరుగు

శాసనాలతో పాటు ఆయనకు మరో పిచ్చి ఉండేది. ఊళ్ల పేర్ల పుట్టుక. ఛత్తీస్‌గఢ్ అంటే 36 కోటలు అన్నది అందరూ చెప్పే అర్థం. శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ కింద 18, దక్షిణాన రాయ్‌పూర్ కింద 18 గఢ్‌లు ఉండేవని లెక్క చెబుతారు. హీరాలాల్ దీన్ని పూర్తిగా నమ్మలేదు. చేదీశగఢ్, అంటే చేది రాజుల కోట, జనం నోట్లో నలిగి ఛత్తీస్‌గఢ్ అయిందని ఆయన ప్రతిపాదించారు. ఈ రాష్ట్రంలో ఉద్యోగ పరీక్షలకు చదివే ప్రతి కుర్రాడికీ ఈ ముక్క కంఠస్థం.

దమోహ్, జబల్పూర్, సాగర్, మండ్లా జిల్లాల గురించి హిందీలో మామూలు పాఠకుల కోసం చిన్న పుస్తకాలు రాశారు. దమోహ్ దీపక్, జబల్పూర్ జ్యోతి, సాగర్ సరోజ్, మండ్లా మయూఖ్ అని వాటికి పద్యంలాంటి పేర్లు పెట్టారు. దొరల కోసం ఇంగ్లీషులో రాసిన గెజిటీర్ల సమాచారాన్ని సొంత మనుషుల భాషలోకి తేవాలన్న తపన వాటిలో కనిపిస్తుంది. 1926లో సంస్కృత, ప్రాకృత తాళపత్ర, కాగితపు ప్రతుల పట్టిక తెచ్చారు. కారంజా జైన భండారాల్లో పడి ఉన్న అపభ్రంశ కావ్యాలు పండితుల దృష్టికి వచ్చింది దానివల్లనే. 1930లో పట్నాలో జరిగిన అఖిల భారత ప్రాచ్య విద్యా మహాసభకు ఆయన అధ్యక్షులు. నాగ్‌పూర్ విశ్వవిద్యాలయం గౌరవ డి.లిట్. ఇచ్చింది.

లంక సంగతి ఈ మనిషి చేతికి వచ్చింది జీవితం చివరి పదేళ్లలో. అప్పటికే పేరుంది, ఉద్యోగ బాధ్యతలు లేవు, ఊళ్ల పేర్లను తవ్వే అలవాటు ఉంది.

మునిగిన లంక ఎక్కడి నుంచి వచ్చింది

లంక మునిగిందన్న మాటకు మూలం పురాణం కంటే ఎక్కువగా జ్యోతిషం. సూర్యసిద్ధాంతం లాంటి గ్రంథాలు భూమధ్య రేఖ మీద, ఉజ్జయిని గుండా పోయే రేఖాంశం మీద లంకను ఉంచాయి. లెక్కలకు అది సున్నా బిందువు. ఇవాళ్టి పటంలో ఆ బిందువు దగ్గర ఉన్నది మాల్దీవులకు తూర్పున నీళ్లు. శాస్త్రం తప్పు చెప్పదు, అక్కడ నేల లేదు, కాబట్టి లంక మునిగిపోయి ఉండాలి అని కొందరు తీర్మానించారు. 1920లలో వి.హెచ్.వదేర్ అనే పండితుడు భూమధ్య రేఖ లంకను సమర్థిస్తూ రాశారు.

ఆ కాలం గాలి కూడా అలాంటిదే. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే జంతుశాస్త్రవేత్త మడగాస్కర్‌లోనూ ఇండియాలోనూ ఒకే రకం జంతు శిలాజాలు, బంధువులు ఎందుకున్నాయో చెప్పడానికి హిందూ మహాసముద్రంలో లెమూరియా అనే మునిగిన నేలను ఊహించారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు దాన్ని ఆధ్యాత్మిక ఖండంగా మార్చారు. తమిళ దేశంలో అదే కుమరి కండంగా, తొలి తమిళుల నేలగా మారింది. మరోవైపు 1885లో ఎడ్వర్డ్ సూస్ అనే ఆస్ట్రియా భూగర్భ శాస్త్రవేత్త దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పి, ఆ మహాఖండానికి గోండ్వానా అని పేరు పెట్టారు. మధ్య భారతంలో గోండుల నేల మీద దొరికిన బొగ్గు పొరలకు భూగర్భ శాఖ అంతకు ముందే ఆ పేరు పెట్టింది. అలా హీరాలాల్ సర్వే చేసిన తెగ పేరే భూగోళం అంతటికీ పాకింది. తర్వాత తేలిందేమిటంటే ఆ ఖండాలు మునగలేదు, విడిపోయాయి. పలకలు కదులుతాయని తెలిశాక లెమూరియా అవసరం తీరిపోయింది.

లంక కథలో కూడా హీరాలాల్ చేసింది ఇలాంటి మలుపే. మునిగిందా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, అసలు నీళ్లలోనే ఉండేదా అని అడిగారు.

అమర్‌కంటక్ వాదం

ఈ దారిలో ఆయన ఒంటరి కాదు. ఇందోర్‌కు చెందిన సర్దార్ మాధవరావు కిబే అమర్‌కంటక్ లంకను అప్పటికే గట్టిగా ప్రచారం చేస్తున్నారు. హీరాలాల్ లాంటి శాసన పండితుడు తోడవడంతో దానికి బలం వచ్చింది. కాశీ నాగరీ ప్రచారిణీ సభ హిందీ శబ్దసాగర నిఘంటువు పూర్తయిన సందర్భంగా 1920ల చివర్లో తెచ్చిన సంచికలో, రామ రావణ యుద్ధం అవధీ హిందీ ప్రాంతంలోనే జరిగిందంటూ ఆయన వ్యాసం రాశారు. లంక ఉనికి మీద ఇంగ్లీషులో రాసిన మరో వ్యాసం ఆయన మరణించాక, 1937లో, గంగానాథ్ ఝా గౌరవ సంపుటిలో అచ్చయింది.

ఈ పక్షంవాళ్ల వాదంలో కొన్ని కీలక మెట్లున్నాయి. మొదటిది, పాత గ్రంథాల్లో లంక వేరు, సింహళం వేరు. వరాహమిహిరుడి బృహత్సంహిత దక్షిణ దేశాల జాబితాలో రెండింటినీ విడివిడిగా చెప్పింది. కాబట్టి లంక అంటే శ్రీలంక అనడం తర్వాతి అలవాటు.

రెండోది, దూరాలు. దండకారణ్యంలోని జనస్థానంలో ఖరుడి సైన్యం ఉంది. శూర్పణఖ అక్కడి నుంచి అన్న దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది. సముద్రం అవతల ఉన్న రాజు మధ్య భారత అడవిలో సైన్యాన్ని ఎందుకు ఉంచుతాడు అన్నది వాళ్ల ప్రశ్న.

మూడోది, సాగరం అన్న మాట. మధ్య భారతంలో పెద్ద చెరువును కూడా సాగర్ అంటారు. సాగర్ పట్టణం పేరే ఒక చెరువును బట్టి వచ్చింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున పెరిగిన హైదరాబాదీకి ఇది వింతగా అనిపించదు. కొండ చుట్టూ ఒకప్పుడున్న చిత్తడి నీటినే కవి సముద్రం చేశాడని వీళ్ల ఊహ.

నాలుగోది, అన్నిటికన్నా బరువైనది, గోండుల మాట. గోండుల్లో కొందరు తమను రావణవంశీయులమని చెప్పుకుంటారు. ఇది వాడల్లో వినిపించే మాట మాత్రమే కాదు. గఢా మండ్లా గోండు రాజు సంగ్రామ్ షా, రాణీ దుర్గావతికి మామగారు, 16వ శతాబ్దంలో కొట్టించిన నాణెం మీద తనను పులస్త్య వంశస్థుడిగా చెప్పుకున్నాడు. పులస్త్యుడు రావణుడి తాత. ఆ రాజ్యపు కొండలే అమర్‌కంటక్‌ను ఆనుకుని ఉన్నాయి. నాణేలూ శాసనాలూ చదివే హీరాలాల్‌కు ఇలాంటి సాక్ష్యం ఎంత నచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

మన లంకలు

ఈ చర్చలో తెలుగు మాట కూడా సాక్షి బోనెక్కింది. లంక అంటే తెలుగులో నది మధ్య దీవి. కోనసీమలో అది రోజువారీ మాట. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల మధ్య ఊళ్లు లంక గ్రామాలు. కొల్లేటి మధ్య ఉన్నవీ లంకలే. లంక పొగాకు పేరు తెలియని పాతకాలపు మనిషి లేడు. లంక అన్నది ద్వీపానికి మామూలు పేరైతే, రామాయణపు లంక ఏదో ఒక నదిలోనో చెరువులోనో ఉన్న దిబ్బ ఎందుకు కాకూడదు అని లోతట్టు లంకను నమ్మినవాళ్లు వాదించారు. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిన మహానది ఒడిశాలో సోన్‌పూర్ దాటే చోట కూడా లంకేశ్వరి దేవత కొలువున్న రాతి దిబ్బ ఉంది. మధ్యయుగంలో అక్కడి పాలకుడొకరు తామ్రశాసనంలో తనను పశ్చిమ లంకాధిపతిగా చెప్పుకున్నాడు.

తెలుగువాళ్లకు సొంత రామాయణ పటం కూడా ఉంది. భద్రాచలం దగ్గర పర్ణశాలలో సీతాపహరణం జరిగిందని నమ్ముతాం. నాసిక్ వాళ్లు పంచవటి తమదంటారు. జటాయువు పడిన చోటుగా ఇటు ఎటపాకనూ, అటు లేపాక్షినీ చూపిస్తాం. ఒక్క పక్షి రెండు చోట్ల పడదు. అయినా ఈ రెండు ఊళ్లలో ఎవరూ తమ పక్షిని వదులుకోరు. కథను సొంతం చేసుకున్న ప్రతి ఊరూ దాన్ని తన కొండకూ తన ఏటికీ కట్టేసుకుంటుంది. హీరాలాల్ కట్నీ మనిషి. నర్మద ఆయన ఇంటి వైపు నది.

వాదం ఎక్కడ జారింది

కావ్యంలో ఉన్నది నూరు యోజనాల కడలి. అలలున్నాయి, తిమింగిలాలున్నాయి. అమర్‌కంటక్ ఉన్నది సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన. నర్మద, శోణ నదులు పుట్టే ఆ మిట్ట ప్రాంతం నుంచి నీళ్లు కిందికి పోతాయి కానీ, కొండను చుట్టి సముద్రంలా నిలవవు. అక్కడ కనిపించే పాత కట్టడాల్లో పేరున్నవి 11వ శతాబ్దపు కలచురి గుళ్లు. పురాణ కాలపు మహానగరం అనదగ్గ ఆనవాలు బయటపడలేదు.

సాగరాన్ని చెరువుగా, యోజనాన్ని చిన్న కొలతగా, రాక్షసుణ్ని పక్క తెగవాడిగా మార్చుకుంటూ పోతే కావ్యంలోని ఏ నగరాన్నయినా ఎక్కడైనా పెట్టవచ్చు. వాదానికి అడ్డొచ్చిన వర్ణనంతా కవి అతిశయోక్తి, కలిసొచ్చిన వర్ణనంతా చరిత్ర అన్న పద్ధతి ఇది. సిర్పూర్ రాయి దగ్గర హీరాలాల్ ఈ పద్ధతి వాడలేదు. అక్కడ ప్రతి అక్షరానికీ ఆధారం అడిగారు. లంక దగ్గర ఆ అడగడం సడలింది.

ఆయన తర్వాత కూడా ఈ వెతుకులాట ఆగలేదు. మైసూరుకు చెందిన టి.పరమశివ అయ్యర్ 1940లో జబల్పూర్ దగ్గరి ఒక కొండనే లంకగా చూపారు. దేశంలో పేరున్న పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి.సంకాలియా 1973లో రాసిన పుస్తకంలో లంక మధ్య భారతంలోనే ఉండాలని అన్నారు. వానరులు యుద్ధంలో పెకలించి విసిరిన సాల వృక్షాలు దక్షిణాదిలో పెరగవని, అవి ఈ అడవుల చెట్లని ఆయన ఎత్తిచూపారు. అంటే హీరాలాల్ ప్రశ్న పనికిమాలినది కాదు. కవికి తెలిసిన అడవి ఏది అన్నది మంచి ప్రశ్న. కవికి తెలిసిన అడవి, రావణుడి రాజధాని ఒకటే అనుకోవడం దగ్గర తేడా వచ్చింది.

రాక్షసులు ఎవరయ్యారు

లంకను సముద్రంలో ముంచితే ఎవరికీ నష్టం లేదు. దాన్ని తెచ్చి మనుషులు బతికే కొండ మీద పెడితే, రాక్షసులు కూడా ఆ కొండ మీదికి వస్తారు. అప్పుడు పొరుగింటి గోండు ఓడిపోయిన రాక్షసుడి వారసుడవుతాడు. రావణ వంశం అని సంగ్రామ్ షా నాణెం మీద వేయించుకున్నప్పుడు అది రాజు గర్వం. అదే మాట సర్కారు సర్వే పుస్తకంలోకి, పండితుల వ్యాసంలోకి ఎక్కినప్పుడు దాని అర్థం మారింది. ఎవరు ఆర్యులు, ఎవరు కాదు, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న పట్టికలో అదొక గడి అయింది.

ఇవాళ ఆ మాటను గోండులు మళ్లీ తమ చేతుల్లోకి తీసుకుంటున్నారు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల్లో కొన్ని గోండు సంఘాలు దసరాకు రావణ దహనం చేయవద్దని విజ్ఞాపనలు ఇస్తున్నాయి. గడ్చిరోలిలో రావణుణ్ని కొలిచే ఊరుంది. బస్తర్ దసరా 75 రోజులు జరుగుతుంది, దంతేశ్వరి అమ్మవారి పండుగ అది. అందులో రావణుడి బొమ్మను కాల్చే ఆచారమే లేదు. ఇటు రాయ్‌పూర్ దగ్గరి చంద్‌ఖురీని కౌసల్య పుట్టిల్లుగా తీర్చిదిద్దారు. రాముడు నడిచిన దారి పేరుతో ప్రభుత్వం పర్యాటక కేంద్రాలు చేపట్టింది. రాముడి అమ్మమ్మగారి ఊరు, రావణుడి వారసుల ఊళ్లు ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. ఎక్కడ ఏ బోర్డు పెడతారన్నది ఇక్కడ పండితుల చర్చ మాత్రమే కాదు. ఏ ఊరికి రోడ్డు వస్తుంది, ఎవరి దేవుడికి గుడి వస్తుంది, ఎవరి పండుగకు సెలవు వస్తుంది అన్న ప్రశ్నలు దాని వెనకే ఉన్నాయి.

హీరాలాల్ 1934లో కన్నుమూశారు. ఈ గొడవలేవీ ఆయన చూడలేదు, బహుశా ఊహించి కూడా ఉండరు.

నీళ్లలో దొరికినది

ఛత్తీస్‌గఢ్‌లో నిజంగా నీళ్లలో మునిగి దొరికిన చరిత్ర ఒకటుంది. 1921లో అప్పటి బిలాస్‌పూర్ జిల్లా కిరారీ గ్రామంలో చెరువు ఎండినప్పుడు బురదలోంచి ఒక కొయ్య స్తంభం బయటపడింది. దాని మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. వందల ఏళ్లు నీళ్లలో భద్రంగా ఉన్న కొయ్య, ఎండ తగలగానే పగిలి అక్షరాలు రాలడం మొదలైంది. అదృష్టవశాత్తూ ఊళ్లో చదువుకున్న ఒక పురోహితుడు, ఆ లిపి తెలియకపోయినా, కనిపించినది కనిపించినట్లు కాగితం మీద గీసి పెట్టుకున్నారు. ఆ నకలు వల్లే అందులో రెండో శతాబ్దపు రాజోద్యోగుల పేర్లున్నాయని పండితులు తేల్చగలిగారు. సేనాపతి, ప్రతీహారి, గణకుడు, నగర రక్షకుడు. ఆ స్తంభం ఇప్పుడు రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియంలో ఉంది. హీరాలాల్ చదివిన సిర్పూర్ శాసనం ఉన్నదీ అక్కడే.

ఆ స్తంభం మీద బంగారు నగరం లేదు, పది తలల రాజు లేడు. జీతాలు తీసుకున్న ఉద్యోగుల జాబితా మాత్రమే ఉంది. అయినా ఈ నేల మీద పద్దెనిమిది వందల ఏళ్ల కిందట ఒక పాలన నడిచిందని చెప్పే గట్టి సాక్ష్యం అదే. హీరాలాల్ జీవితంలో మిగిలినది కూడా ఇలాంటిదే. అమర్‌కంటక్ లంక ఎవరికీ పట్టని వాదంగా మిగిలింది. ఊరి పేరు, రాయి ఉన్న చోటు, రాజు పేరు, సంవత్సరం అని ఓపిగ్గా రాసుకున్న పట్టిక మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. బార్సూర్‌లో తెలుగు వినిపించిన సంగతి తెలుసుకోవాలన్నా, సిర్పూర్ రాణి పేరు తెలుసుకోవాలన్నా ఆ పుటలే దారి. లంక ఎక్కడుందో తెలియకపోయినా మనకు లోటు లేదు. గోదావరి కోతకు ఏటా కరిగిపోతున్న మన కోనసీమ లంకల్లో, ఏ లంక ఏ వరదకు పోయిందో ఆయనంత ఓపికగా రాసిపెట్టే పట్టిక ఒకటి ఉంటే, రేపు వాటి గురించి పురాణాలు చెప్పుకోవాల్సిన పని ఉండదు.